కుళాయి ఉన్న ఊరు

మరిచిపోవడం నాకు చేతకాదు. చేతకాదన్న బాధ కూడా లేదు. ఎవరైనా నన్ను ఒక మాట అంటే ఆ మాటా, అన్న చోటూ, అప్పుడు పక్కన నవ్వినవాళ్ళ మొహాలూ అన్నీ గుర్తుంటాయి. మా అమ్మ దీన్ని పాము పగ అనేది. పాము పాపం దేన్నీ గుర్తుపెట్టుకోదట, ఎక్కడో చదివాను. నేను పెట్టుకుంటాను.

ఇప్పుడు చెప్పేది మా సారు మీద పగ. బందరులో మా గణాంకాల ఆఫీసులో ఆయన పై అధికారి, నేను ఊళ్ళు తిరిగి ఇళ్ళల్లో ప్రశ్నలు అడిగే ఉద్యోగిని. సుస్థిర అభివృద్ధి లక్ష్యాలని ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒక పెద్ద పట్టిక పెట్టుకున్నాయి. ఆకలి, చదువు, నీళ్ళు, ఆడవాళ్ళ పని, ఇంకా చాలా. ఎంతవరకు వచ్చామో దేశం చెప్పాలంటే రాష్ట్రం చెప్పాలి, రాష్ట్రం చెప్పాలంటే జిల్లా చెప్పాలి. జిల్లా చెప్పాలంటే నాలాంటిది ఒకతె ట్యాబ్ పట్టుకుని, నెత్తిన కొంగేసుకుని, ఎవరింటి గుమ్మం ముందో నిలబడాలి.

నిలబడితే నిజం వచ్చి ఒళ్ళో పడుతుందా అంటే, పడదు. గ్యాస్ ఉందా అమ్మా అంటే ఉంది అంటారు. నిజమే, ఉంది. సిలిండరుకి పూల తొడుగు కూడా కుట్టించి పెట్టుకుంటారు. వంట మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద అవుతూ ఉంటుంది. మీరేమైనా పని చేస్తారా అని అడిగితే, తెల్లారకుండానే రొయ్యల షెడ్డుకి వెళ్ళి తలలు తీసొచ్చిన మనిషి, ఐసు నీళ్ళకి వేళ్ళు పాలిపోయి ఉండగానే, "ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాను" అంటుంది. ఇంటివాళ్ళు ఏం చెప్తే అదే రాయాలన్నది మా రూలు. నవ్వుకుంటూ రాసుకుని వచ్చేదాన్ని. నీళ్ళ దగ్గర మాత్రం నవ్వలేకపోయాను.

మా అక్కని దివిసీమలో ఇచ్చారు. అవనిగడ్డ దాటి కోడూరు వైపు ఇంకా లోపలికి వెళ్ళాలి. ఊరి పేరు చెప్పను, చెబితే వాళ్ళ పరువు పోతుంది, పరువు గురించే ఈ గొడవంతా. ఒకప్పుడు చుట్టూ వరి. ఇప్పుడు సగం రొయ్యల చెరువులు. అక్కడి నుంచి సముద్రం కనబడదు, కానీ భూమి కింద నుంచి ఊళ్ళోకి వచ్చేసింది. ప్రతి ఇంటికీ కుళాయి ఉంది. తిప్పితే నీళ్ళు వస్తాయి. బోరు నీళ్ళనే ట్యాంకులోకి ఎక్కించి వదుల్తారు కాబట్టి నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. వాటితో టీ పెడితే పాలు విరుగుతాయి. కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఆ నీళ్ళు గిన్నెలకీ, బట్టలకీ, గేదెలకీ. గేదెలు కూడా మొదట మూతి తిప్పుకుంటాయి. తాగడానికీ వండుకోవడానికీ అవనిగడ్డ వైపు నుంచి ఆటోలో కొనుక్కునే మంచినీళ్ళ టిన్నులు రావాల్సిందే. ఆటో రాని రోజు పిల్లలకి కూడా గుక్క లెక్కపెట్టి పోస్తారు.

అయినా ఆ ఊళ్ళో ఎవరింటికైనా వెళ్ళి చూడండి. చెప్పులు విప్పకముందే స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చిస్తారు. టిన్ను నీళ్ళు, చల్లగా, తియ్యగా ఉంటాయి. సర్వేకి వెళ్ళినవాళ్ళు అవి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "మీ కుళాయి నీళ్ళు తాగడానికి పనికొస్తాయా అమ్మా?" అని అడుగుతారు. "బానే ఉంటాయండీ" అంటుంది ఇల్లాలు. రాసేస్తారు. ఆవిడ అబద్ధం ఎందుకు చెప్పిందంటే, ఉప్పునీళ్ళ ఊరని పేరు పడితే ఆ ఊరి మగపిల్లలకి ఎవరూ పిల్లనివ్వరు. మా అక్క తోడికోడలి కొడుక్కి కుదిరిన సంబంధం ఒకటి అలాగే చెడింది. బిందె మోసే ఊరికి మా పిల్లని పంపం అన్నారట.

నాకు ఆ ఇల్లు తెలుసు, ఆ పప్పు తెలుసు. అందుకే ఆ ఊరు నా వంతుకి వచ్చినప్పుడు ఎవరేం చెప్పినా, నీళ్ళు తాగడానికి పనికిరావు అనే రాశాను. తాగునీరు లేని ఊళ్ళకి కృష్ణ నీళ్ళు శుద్ధి చేసి పైపుల్లో పంపే పథకం ఒకటి రాబోతోందనీ, మా పటంలో వెనకబడ్డవని ఎర్రగా చూపించిన ఊళ్ళకే ముందు ఇస్తారనీ అప్పటికే అనుకుంటున్నారు. మా అక్కకి తియ్యటి నీళ్ళు రావాలి, అంతే నా ఆశ. దానికి సిగ్గుపడను.

కాన్ఫరెన్సు హాల్లో మీటింగు పెట్టారు. గోడ మీద తెర, తెర మీద జిల్లా పటం, పటమంతా ఆకుపచ్చ. కింద దివిసీమ కొసన ఒక్క ఎర్ర చుక్క.

"ఈ పొక్కు ఎవరిది?" అన్నారు మా సారు.

"నాదేనండి" అన్నాను లేచి.

"అక్కడ మీ అక్కగారు ఉంటారటగా?"

"ఉంటుందండి. అందుకే నాకు తెలుసండి, ఆ నీళ్ళు..."

"అదీ సంగతి" అని అందరి వైపూ తిరిగారు. "అక్కకి సారె పెట్టాలనుంటే కొట్లో కొనుక్కెళ్ళి పెట్టుకో తల్లీ. గవర్నమెంటు పైపులు పెట్టకు."

హాలంతా నవ్వింది. రోజూ నా డబ్బాలో పచ్చడి తినే మనిషి కూడా నవ్వింది. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమని ఎవరూ అనలేదు. తర్వాత ఆయన ఇంకో ఇద్దర్ని అదే ఊరికి పంపారు. వాళ్ళకి గ్లాసుల్లో టిన్ను నీళ్ళు ఇచ్చారు, వాళ్ళు తాగారు, బానే ఉంటాయండీ అన్న మాట వీధంతా చెప్పించుకుని వచ్చారు. మా అక్క కూడా అదే చెప్పింది. పటం మొత్తం ఆకుపచ్చ అయింది. నన్ను గుడివాడకి వేశారు.

బందరు నుంచి పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ బస్సులో రోజూ వెళ్ళిరావడంలో ఒక సుఖం ఉంది. శపించడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. ఆయన ఇంటి కుళాయిలో సముద్రం రావాలని శపించాను. ఆయన కూతురి పెళ్ళిలో పప్పు ఉడక్కూడదనీ, మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోవాలనీ శపించాను. తర్వాత ఆ పిల్ల మీద జాలేసి, పెళ్ళిలో వద్దు, ఆయన రిటైర్మెంటు విందులో ఉడక్కూడదని మార్చుకున్నాను. అక్క మీద కూడా మండిపోయేది. ఫోన్ చేసి, నువ్వెందుకు బాగున్నాయని చెప్పావే అంటే, "వీధిలో అందరూ అదే అంటుంటే నేనొక్కదాన్నే మా ఊరి పరువు తియ్యనా? నీకేం, బందర్లో కూర్చున్నావు" అంది. ఫోన్ పెట్టేశాను.

అలా ఉండగా ఒకరోజు మా సారే ఫోన్ చేశారు. ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారిన ఊళ్ళు చూడటానికి పై నుంచి ఒక పెద్ద మేడమ్ వస్తున్నారట. మా అక్క ఊరే చూపిద్దామని ఆయన నిర్ణయించారట. "అక్కడ హోటళ్ళు లేవు కదమ్మా. మీ అక్కగారిది డాబా ఇల్లటగా. మధ్యాహ్నం భోజనం అక్కడ ఏర్పాటు చేయించు" అన్నారు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు. నన్ను నిలబెట్టి అందర్నీ నవ్వించిన సంగతి ఆయనకి గుర్తే లేదని అర్థమైంది. చేసి గుర్తుంచుకున్న అవమానం కంటే, చేసి మరిచిపోయిన అవమానమే ఎక్కువ మండింది.

"తప్పకుండా సార్" అన్నాను.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. మాటలు మానేసినదాన్ని నేనే చేసేసరికి కంగారుపడింది. చెప్పాను. వంటంతా కుళాయి నీళ్ళతో చెయ్యి. అన్నం, పప్పు, చారు అన్నీ. ఒక్క టిన్ను కూడా ముట్టుకోకు. ఆయన ఆ పప్పు నవలాలి, ఆ మేడమ్ చూడాలి. అప్పుడు మీకు పైపూ వస్తుంది, నా కడుపూ చల్లబడుతుంది. అక్క పకపకా నవ్వి, "సరేలేవే, అలాగే" అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

వేసవి. చల్లపల్లి, మోపిదేవి దాటి జీపు వెళ్తుంటే మా సారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి మేడమ్‌కి అంకెలు చెబుతూనే ఉన్నారు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. కిటికీలోంచి రొయ్యల చెరువుల్లో గాలి కోసం తిరుగుతున్న చక్రాల్ని చూస్తూ కూర్చుంది. నేను చివరి సీట్లో కూర్చుని ఆయన మెడ వెనక భాగం చూస్తూ, పప్పు బద్ద పంటి కింద పడ్డప్పుడు ఈ మెడ ఎలా బిగుసుకుంటుందో ఊహించుకుంటూ ఉన్నాను.

అక్క వరండాలో బల్లలు వేయించి విస్తళ్ళు వేసింది. వీధిలో ఆడవాళ్ళంతా వడ్డనకి వచ్చారు. ముందు ముద్దపప్పు, పక్కన కొత్తావకాయ, పైన నెయ్యి. మా సారు చెయ్యి పెట్టి కలిపారు. పప్పు వేళ్ళ మధ్య నుంచి వెన్నలా జారింది.

"చూశారా మేడమ్" అన్నారాయన ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "నీళ్ళు బాగుంటేనే పప్పు ఇలా ఉడుకుతుంది."

నేను వంటింట్లోకి వెళ్ళాను. తలుపు వెనక ఖాళీ టిన్నులు వరసగా ఉన్నాయి, మా అక్కవే కాదు, పక్కిళ్ళవి కూడా. వీధి వీధంతా తాగే నీళ్ళు తెచ్చి ఆయన పప్పులో పోసింది.

"ఏంటక్కా ఇది?"

"అరవకు, వినబడుద్ది."

"నాకు మాటిచ్చావు కదే."

"ఇచ్చాను. పొద్దున్నే పప్పు కడిగి కుళాయి దగ్గరికి వెళ్ళాను కూడా. చెయ్యి ఆడలేదే. ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చునేవాడికి ఉడకని పప్పు పెట్టానని రేపు నలుగురూ అనుకుంటే ఎలా చెప్పు. వాడు వెధవే అనుకో. నేనెందుకు వెధవ పని చెయ్యాలి?"

"వాడి నోట్లో కాదే, నీ నోట్లో నువ్వే మట్టి పోసుకున్నావు" అన్నాను. ఏడుపొచ్చింది. అక్క పెరుగు గిన్నె తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

భోజనాలయ్యాయి. అందరూ చేతులు కడుక్కోడానికి పెరట్లో గాబు దగ్గరికి వచ్చారు. మా బావ చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆ నీళ్ళు కుళాయివి. వంటకి వీధంతా టిన్నులు మోసిన ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా ఈ సంగతి తట్టలేదు. ఎందుకంటే కొన్న నీళ్ళతో చెయ్యి కడుక్కోవడం ఆ ఊళ్ళో ఎవరి ఊహలోకీ రాదు. తినేది కుడిచేత్తో అన్నట్టు, కడుక్కునేది గాబు నీళ్ళతో. మా సారుకి భోజనం అయ్యాక గట్టిగా పుక్కిలించే అలవాటుంది. ఆఫీసులో ఆయన పుక్కిలిస్తే మెట్ల కిందికి వినబడుతుంది. చెంబెత్తి నోటినిండా పోసుకున్నారు.

ఆ మొహం నాకు రోజూ గుర్తొస్తుంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు పెద్దవయ్యాయి. ఉమ్మాలంటే మేడమ్ ఎదురుగా ఉంది, మింగాలంటే మింగుడు పడదు. ఆ పెద్దమనిషి చొక్కా జేబులో పెట్టుకున్న పెన్నులతో సహా వణికాడు. చివరికి మల్లెపొద మీద భళ్ళున ఉమ్మి, దగ్గుతూ వంగిపోయాడు. నాకు ఒళ్ళంతా చల్లగా అయింది. ఆ నిమిషం కోసం గుడివాడ బస్సులో ఇంకో ఏడాది తిరగమన్నా తిరుగుతాను.

"ఏమైంది?" అంది మేడమ్.

"ఏం లేదు మేడమ్. ఆవకాయ... కారం."

నోట్లో ఉప్పు పెట్టుకుని కూడా అబద్ధమే చెప్పాడు. అప్పుడు నేను బావ చేతిలోంచి చెంబు తీసుకుని, మళ్ళీ ముంచి, "మీరూ నోరు కడుక్కోండి మేడమ్" అని అందించాను. ఆవిడ పోసుకుంది. నెమ్మదిగా ఉమ్మింది. చెంబులోకి చూసి, నా వైపు చూసి, ఆ తర్వాత అక్క వైపు తిరిగింది.

"ఇవేనా అమ్మా కుళాయిలో వచ్చే నీళ్ళు?"

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. వడ్డనకి వచ్చిన ఆడవాళ్ళంతా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నా నోటికి తెలిసింది నేను రాయలేను. ఇంటివాళ్ళు చెప్పిందే రాయాలి" అంది మేడమ్. "మీరు చెప్పండి. తాగడానికి పనికొస్తాయా, రావా?"

నేను అక్క వైపు చూశాను. చెప్పవే, చెప్పు. ఒక్క మాట, పైపు నీ గుమ్మం ముందుకి వస్తుంది. అక్క నా వైపు చూడలేదు. తోడికోడలి వైపు చూసింది. ఆవిడ కొడుక్కి ఇంకా పెళ్ళి కాలేదు.

"బానే ఉంటాయండీ" అంది అక్క.

మా సారు దగ్గు ఆగిపోయింది. జీపులో ఆయన దారంతా మంచినీళ్ళ సీసా దించకుండా తాగుతూనే వచ్చారు, అయినా ఆయనే గెలిచారు. కొన్నాళ్ళకి ఆయనకి శాలువా కప్పారు, పై ఆఫీసుకి ప్రమోషన్ మీద వెళ్ళిపోయారు. పైపుల జాబితా వచ్చింది. అవే ఉప్పునీళ్ళతో బతుకుతున్న పక్క ఊరు అందులో ఉంది, అక్కడ ఎవరో గడుసు ముసలమ్మ తర్వాత సర్వేకి వచ్చినవాళ్ళని బూతులు తిట్టి, నీళ్ళు పనికిరావనే రాయించి పంపిందట. అక్క ఊరు లేదు. రోడ్డు పక్కన కాలవ తవ్వి పైపులు వేసుకుంటూ వచ్చారు. అక్క ఊరి మలుపు దగ్గరకొచ్చాక ఆ కాలవ అటు వైపు తిరిగిపోయింది. ఆ తవ్వుతున్నన్నాళ్ళూ ఊళ్ళో ఆడవాళ్ళు ఆ మలుపు దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళని బావ చెప్పాడు. మా అక్క కూడా వెళ్ళిందట. నాకు మాత్రం ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. కోపం నాకొక్కదానికే ఉంటుందనుకున్నాను.

ఈ మధ్య మళ్ళీ సర్వే వచ్చింది. దివిసీమకి మనుషులు చాలక గుడివాడ నుంచి నన్ను వేశారు. అక్క వీధి నాకే పడింది. వెళ్ళేసరికి అక్క వరండాలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసింది గానీ లేవలేదు.

"ఆఫీసు పని మీద వచ్చావా, చెల్లెలివై వచ్చావా?"

"ఆఫీసు పని మీదే."

చేట పక్కన పెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్తుందనుకున్నాను. పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. అదే స్టీలు గ్లాసు నిండా తెచ్చి నా చేతికిచ్చింది.

"ఈ మధ్య ఆఫీసు నుంచి ఎవడొచ్చినా ఇవే ఇస్తున్నాం, వీధంతా" అంది. "బ్యాంకోడికీ ఇవే, ఇంటిపన్నువాడికీ ఇవే. తాగందే పలకం."

"పెళ్ళి సంబంధాలు?"

"రాకపోతే మానె. తాగు."

తాగాను. మొదటి గుక్క ఉమ్మకుండా మింగాను. అక్క ఎదురుగా నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. ఆ కళ్ళల్లో చెల్లెలు లేదు, మా ఆఫీసంతా ఉంది. ఆపకుండా మొత్తం తాగేశాను. నా పగకి తోడు దొరికినందుకు సంతోషమూ, ఆ పగ ముందు నా మీదే పడినందుకు ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"బాగున్నాయా?" అంది.

"లేవక్కా."

"ఇప్పుడు నన్నడుగు."

ట్యాబ్ తీశాను. "కుళాయి నీళ్ళు తాగడానికి పనికొస్తాయా అమ్మా?"

"రావు" అంది గట్టిగా, వీధిలోకి వినబడేలా. "రాసుకో. మీ సారు ఇప్పుడు పై ఆఫీసులో ఉన్నాడటగా, ఆయనకి చేరేలా రాయి."

రాసుకున్నాను. ఖాళీ గ్లాసు ఇచ్చి కిందికి దిగాను. ఆ వీధిలో ఇంకా చాలా ఇళ్ళున్నాయి. పక్కింటి గుమ్మంలో అక్క తోడికోడలు అప్పటికే నిండు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.